గంజి పెట్టిన తెరచాప

ఆదివారం వచ్చిందంటే మా గల్లీ పోరగాళ్ళు డుమస్ పోయి, సముద్రం ఒడ్డున వేడివేడి భజియాలు తిని వస్తారు. వచ్చి, సముద్రమంటే ఏమిటో నాకు చెబుతారు. "తాతా, అలలు గింతింత ఉన్నయే!" అని చేతులు బార చాపుతారు. నేను తల ఊపుతాను. నోట్లో పళ్ళు లేనివాడికి భజియాలు ఎలాగూ దక్కవు, అలలైనా దక్కనీ అని వింటాను. కానీ, "ఒరేయ్, నేను సూరత్‌కు రైలెక్కి రాలే, బండెక్కి రాలే, సముద్రం అడుగున నడుసుకుంట వచ్చిన" అంటే మాత్రం ఒక్కడూ నమ్మడు.

నమ్మకపోతే పోనీ, మీకు చెబుతాను. అక్కడక్కడా ఒక అల రెండు మూరలు పెరిగితే పెరగవచ్చు. నేతగాణ్ణి. మగ్గం మీద కూర్చున్న రోజుల్లో కొలతలో మిగుల్చుకున్నదంతా ఇప్పుడు మాటల్లో తిరిగి ఇచ్చేస్తున్నాననుకోండి.

మొదటి పెద్ద యుద్ధం ముగియవస్తున్న ఏడాది అది. కరీంనగరం వైపు నుంచి బతకపోయిన పద్మశాలీలం ఒక డజను మందిమి బొంబాయిలో ఒకే చాల్‌లో, మిల్లువాళ్ళ వరస గదుల్లో, ఉండేవాళ్ళం. వానలు వెనకబడుతున్న రోజుల్లో ఊళ్ళోకి జ్వరం వచ్చింది. మరాఠీవాళ్ళు దానికి మాన్‌మోడీ అని పేరు పెట్టారు, మెడలు విరిచేదని అర్థం. పొద్దున మిల్లుకు పోయినవాడు సాయంత్రానికి మంచం ఎక్కేవాడు, మర్నాటికి నలుగురి భుజాలు ఎక్కేవాడు. తర్వాత మోసే నలుగురే దొరకలేదు. మిల్లులో యంత్రాలు తిరగడం మానేశాయి.

నాకు అప్పటికి పెళ్ళయి ఏడాది. నా భార్య లింగవ్వ. సన్నగా ఉండేది, మాట మాత్రం లావు. నేనొకటి అంటే తను రెండు అనేది. ఒకరోజు నేను ఒకటి అన్నాను, ఆమె ఏమీ అనలేదు. నుదురు ముట్టి చూస్తే పెనంలా ఉంది.

"అక్క దగ్గరికి తోలుకపో," అంది. "అక్క కాడికి పోతే నేను బతుకుత."

అక్క అంటే రాజమ్మ. సూరత్‌లో మగ్గం నేసేవాళ్ళింటికి ఇచ్చారు. లింగవ్వకు పాలు మరిచినప్పటి నుంచీ తల్లయినా అక్కయినా ఆమే. ప్లేగు రోజుల్లో వాళ్ళమ్మను రైలు స్టేషన్‌లో డాక్టర్లు కిందికి దింపి ఎటో తీసుకుపోయారు, మళ్ళీ ఎవరూ చూడలేదు. అందుకని మా మామ కనకయ్యకు రైలు పేరెత్తితే చాలు, లేచి బయటికి పోయేవాడు.

"ఇప్పుడు గూడ జ్వరం ఉన్నోళ్ళను దింపుతున్నరట," అన్నాడు. "నా బిడ్డను రైలెక్కియ్య. పడవ మీద పోదాం."

మా డజను మందికీ ఆయనే పెద్దమనిషి. ఆయన పడవ అంటే పడవే. మాకు నీళ్ళంటే మానేరు వాగు. ఎండాకాలం అందులో నీళ్ళు కావాలంటే చేత్తో చెలిమె తవ్వుకోవాలి. అలాంటి మమ్మల్ని తీసుకుపోయి అంతులేని నీళ్ళ ముందు నిలబెట్టాడు.

రేవులో సూరత్‌కు బియ్యం బస్తాలు వేసుకుపోయే పెద్ద తెరచాప పడవ ఒకటి దొరికింది. దాని యజమానిని నాఖుదా అంటారు. కాంజీ నాఖుదా ముసలివాడు, తెల్లమీసం, ఒక చెవికి వెండి పోగు. ఆయన కింద ఏడెనిమిది మంది ఖలాసీలు. వాళ్ళ మీద సారంగ్, అంటే పని చేయించేవాడు, నాఖుదా సొంత మేనల్లుడే, రవ్‌జీ. నాఖుదా మా అందరినీ చూసి, గొంగడి కప్పుకుని కూర్చున్న లింగవ్వ దగ్గర ఆగాడు.

"బాయికి బుఖార్ ఉందా?"

మా మామ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "జ్వరం లేదు సేఠ్. కడుపుతోని ఉన్నది."

లింగవ్వ గొంగడిలోంచి తల బయటపెట్టింది. "నాయినా, గదేం మాటనే!"

"సప్పుడు చెయ్యకు బిడ్డా."

నేను ఏ మొహం పెట్టాలో తెలియక, తండ్రి కాబోయేవాడు పెట్టే మొహం పెట్టాను. నాఖుదా మెత్తబడిపోయాడు. బియ్యం బస్తాల వెనక గాలి తగలని చోటు చూపించాడు, నాలుగు నిమ్మకాయలు కూడా ఇచ్చాడు. ఆ నిమ్మకాయలు వాసన చూసినప్పుడల్లా లింగవ్వ నా మొహం చూసేది.

"కొడుకు పుడితే ఏం పేరు వెడుదామయ్యా?" అనేది, జ్వరంలో నవ్వుతూ.

"కాంజీ అని వెడుదాం."

పడవ కదిలిన కాసేపటికే మా వాళ్ళు వరసగా పడవ అంచు పట్టుకుని వంగారు. అంతకుముందు నెల రోజులు తిన్నది కూడా సముద్రానికి సమర్పించుకున్నారు. లస్మయ్య అనేవాడైతే చిన్నప్పుడు తాగిన చనుబాలు కూడా కక్కానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు. లింగవ్వ ఒక్కతే వాంతి చేసుకోలేదు. లోపల ఏమీ లేదు, అందుకు.

"సముద్రంల గింత ఉప్పు ఎవలు వోశిండ్రు?" అని అడిగింది.

"నిజాం సర్కారుకు పన్ను ఎగ్గొట్టిన ఉప్పు బండ్లన్నీ ఈన్నే బోల్తా వడ్డయట."

నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత ఆమెను నవ్వించాలంటే భయం వేసేది. నవ్వించకుండా కూర్చోవాలన్నా భయం వేసేది.

మర్నాడు గాలి పడిపోయింది. పడవ ఉన్నచోటే ఊగుతూ నిలబడింది. అదే రోజు ఇద్దరు ఖలాసీలు జ్వరంతో పడుకున్నారు. సాయంత్రం ఎక్కడినుంచో ఒక్కసారిగా ఒక విసురు గాలి వచ్చి తెరచాపను పైనుంచి కింది దాకా చీల్చి, తన పని అయిపోయినట్టు వెళ్ళిపోయింది. కుట్టడానికి ఖలాసీలు చాలరు. నాఖుదా మా వైపు చూశాడు.

"మీరు బట్ట పనివాళ్ళే కదా?"

బొంబాయి విడిచాక మా మామ మొహంలో వెలుగు చూసింది అదే మొదటిసారి. తెరచాపను దింపించి పడవ మీద పరిపించాడు. తెల్లవారగానే మేమంతా దాని చుట్టూ కూర్చున్నాం, చేతుల్లో పెద్ద సూదులు, మైనం రాసిన దారం. నమ్మండి, సూది పట్టుకున్న మరుక్షణం నుంచి ఒక్కడికీ కడుపులో తిప్పలేదు. రాత్రంతా చుక్కాని దగ్గర నిలబడిన నాఖుదా, మా కుట్టు చూసి, "బాగుంది" అని, ఒక బస్తాకు ఆనుకుని నిద్రపోయాడు.

కుట్టడం అయిపోయింది. అక్కడితో లేచిపోయి ఉంటే ఈ కథే లేదు. మా మామ తెరచాపను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూశాడు. మొహం ముడుచుకుంది.

"గంజి లేదు."

"మామా, గది తెరచాప," అన్నాన్నేను.

"అయితే? బట్ట కాదా?"

"బట్టే గాని..."

"మన చేతుల వడ్డ బట్ట గంజి లేకుంట చేతులు దాటదు రాములూ. మా అయ్య గట్లనే నేర్పిండు. ముడుతలు వడ్డ బట్ట ఇస్తే ఆ నాఖుదా ఏమనుకుంటడు, శాలోళ్ళ ఇజ్జత్ ఏమైతది?"

మా వాళ్ళు తలలు ఊపారు. నిజమే కదా అనిపించింది మాకు. బొంబాయి మిల్లులో గంజి పెట్టే పని యంత్రాలతో ఇంకెవరో చేసేవాళ్ళు. ఇంత పెద్ద బట్టకు చేతులారా గంజి పెట్టే అవకాశం మళ్ళీ ఎప్పుడు వస్తుంది? బియ్యానికి లోటు లేదు, కూర్చున్నదే బియ్యం మీద. ఖలాసీల పెద్ద గుండిగలో అన్నం మెత్తగా ఉడికించి, వార్చి, కొబ్బరి పీచుతో కుంచె కట్టి, తెరచాప రెండు వైపులా గంజి పట్టించాం. లస్మయ్య ఆగి, "తాళ్ళు గూడ నూలువే గదనే" అన్నాడు. తెరచాపను పైకి లాగే తాళ్ళకు కూడా పట్టించాం. రవ్‌జీ ఆ పక్కగా పోతూ చూశాడు. ఏదో శుభ్రం చేస్తున్నారనుకున్నట్టున్నాడు, తన దారిన పోయాడు. లింగవ్వ బస్తాల వెనకనుంచి, "నాయినా, సముద్రానికి గూడ జర గంజి వెట్టు, ఊగకుంట ఉంటది" అంది.

ఎండలో ఆరేసరికి ఆ తెరచాప తడితే డప్పులా మోగింది. నలుగురు ఖలాసీలు నవ్వుకుంటూ, తిట్టుకుంటూ దాన్ని పైకి లాగారు. మధ్యాహ్నం గాలి వచ్చింది. అప్పుడు చూడాలి మీరు! మడత లేదు, ముడుత లేదు, గాలి మొత్తం దానికే. పడవ నీళ్ళ మీద పోవడం మానేసి నీళ్ళ పైన పోయింది. మాతో పందెం పెట్టుకున్న చేపలు వెనకబడి నోళ్ళు తెరిచాయి. మా మామ మీసం మీద చేయి వేసుకుని పడవ ముందుభాగంలో నిలబడ్డాడు, ఆ పడవను తానే నేసినట్టు.

నాఖుదా నిద్రలేచి, తెరచాప చూశాడు. దగ్గరికి పోయి ముట్టుకున్నాడు. తాడు ముట్టుకున్నాడు. వేలు నాకి చూశాడు. తల ఎత్తి ఆకాశం వైపు చూశాడు.

"ఎండ ఉన్నంతసేపు ఫరవాలేదు," అన్నాడు చివరికి. "వాన రాకూడదని మీ దేవుడికి చెప్పుకోండి."

మర్నాడు పొద్దున, జ్వరంతో పడుకున్న ఇద్దరు ఖలాసీల్లో ఒకడు చనిపోయాడు. దుప్పట్లో చుట్టి నీళ్ళలోకి జార్చారు. రవ్‌జీ అటునుంచి అటే బస్తాల వెనక్కి వచ్చి, లింగవ్వ కాలు ముట్టుకున్నాడు. ముట్టుకుని చేయి వెనక్కి లాక్కున్నాడు.

"ఇదేనా కడుపు?" అన్నాడు నాతో.

నేను తండ్రి కాబోయేవాడి మొహం పెట్టబోయాను, రాలేదు.

రవ్‌జీ కేకలు వేశాడు. ఖలాసీలు మూగారు. ఈ బాయే జ్వరం తెచ్చింది, చిన్న పడవలో దింపేద్దాం, ఒడ్డు చేరితే చేరింది, లేకపోతే లేదు అని అతని మాట. నాఖుదా వచ్చి మా ముందు నిలబడ్డాడు.

"కడుపుతో ఉన్న ఆడమనిషిని నేను నీళ్ళ మీద దింపను. రేవులో ఎక్కించుకున్నాను, రేవులో దింపుతాను."

"ఆమె కడుపుతో లేదు మామా! నీకు అబద్ధం చెప్పారు!" అని అరిచాడు రవ్‌జీ.

నాఖుదా మా మామ వైపు తిరిగాడు. అవునా కాదా అని అడగలేదు, చూశాడంతే. మా మామ తల దించుకున్నాడు. నాఖుదా కొంచెంసేపు ఆ వంచిన తలనే చూసి, మేనల్లుడితో మళ్ళీ అదే మాట అన్నాడు: "రేవులోనే దింపుతాను."

రవ్‌జీ, ఖలాసీలు ఆయన్ని పట్టుకున్నారు. ఆయన తలపాగాతోనే తెరచాప స్తంభానికి కట్టేశారు. ముసలివాడు పెనుగులాడలేదు. "రవ్‌జీ, సూరత్ నది ముందు ఇసుక మేటలుంటాయి. దారి నాకు తెలుసు, నీకు తెలీదు" అని మాత్రం అన్నాడు. రవ్‌జీ వినిపించుకోలేదు.

మీరు అడుగుతారు: మీరు డజను మంది ఉన్నారు కదా, ఏం చేస్తున్నారని. పంచాయతీ చేస్తున్నాం. మాలో ఏ సంగతైనా కూర్చుని మాట్లాడకుండా చేయి లేవదు. నాఖుదా పక్షాన కలబడాలా వద్దా అని గుండ్రంగా కూర్చున్నాం. పెద్దమనిషి తీర్పు చెప్పాలి. పెద్దమనిషి కనకయ్య. కానీ బిడ్డ ఆయనది, కాబట్టి ఆయన పంచాయతీలో కూర్చోకూడదు. ఆయన లేకుండా పంచాయతీ నడవదు.

"గట్లయితే ఒక్క గడియకు ఇంకోన్ని పెద్ద చేద్దాం," అన్నాడు ఒకడు.

"ఎవన్ని? దానికి గూడ పెద్ద ఉండాలె గద," అన్నాడు లస్మయ్య.

"నన్ను చెయ్యుండ్రి," అన్నాన్నేను.

"నువ్వు అల్లునివి. నువ్వు అసలే కూసోవద్దు."

"మరి నేను ఏడికి పోవాలె?"

"లేచి జర అవతలికి పో, మేం మాట్లాడుకుంటం."

లేచి అవతలికి పోయాను. ఎందుకు పోయానో ఇప్పటికీ చెప్పలేను. తీర్పు వచ్చేలోపల పడవ చేతులు మారిపోయింది.

అవతలంటే లింగవ్వ దగ్గరికే. అంతా విన్నది.

"ఒక్కదాన్నే దింపుతరా, నువ్వు గూడ వస్తవా?"

"వస్త."

"నీకు ఈత వస్తదా?"

"రాదు."

"ఇగేం, మంచిగున్నది," అని కళ్ళు మూసుకుంది.

మధ్యాహ్నానికి కుడివైపు నేల కనపడింది. నల్లటి గీత, దాని మీద తాటిచెట్లో ఈతచెట్లో. డుమస్ అన్నారు. నది నోరు పక్కనే, నదిలోపల సూరత్, సూరత్‌లో రాజమ్మ. "అగో, మీ అక్క ఊరు" అని లింగవ్వను లేపి చూపించాను. ఆమె మోచేతి మీద లేచి చూసింది.

"ఏది అక్క?"

"వాకిట్ల ఊడుస్తున్నది, కనవడ్తలేదా?"

"గదా... ఆఁ, కనవడ్డది," అంది. అబద్ధాల్లో నాతో సమానంగా వచ్చేది ఎప్పుడూ.

అప్పుడే రవ్‌జీ చిన్న పడవ దింపించాడు. మా మామ పోయి అతని కాళ్ళు పట్టుకున్నాడు. "ఆమెకు బదులు నన్ను దింపు బేటా." రవ్‌జీ కాళ్ళు విడిపించుకోబోయి తూలాడు. దగ్గరగా చూస్తే అతని కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి, దవడలు వణుకుతున్నాయి. అతనికీ జ్వరమే. దింపేవాడికీ దిగేవాళ్ళకీ అదే జ్వరం, అతను దాన్ని ఒప్పుకోవడం లేదంతే.

నేను లింగవ్వను ఎత్తుకున్నాను. ఒక కాలు నిచ్చెన మీద పెట్టాను. పడమట ఆకాశం నల్లబడింది. తర్వాత వాన, గాలి రెండూ ఒకేసారి వచ్చి పడ్డాయి. చిన్న పడవ తాడు తెంపుకుని, మా కళ్ళముందే తలకిందులయి, నీళ్ళలో కలిసిపోయింది. నేను లింగవ్వతో సహా వెనక్కి పడ్డాను.

"తెర దింపండి!" నాఖుదా కట్టేసిన చోటినుంచి అరిచాడు. "తెర దింపండి!"

ఖలాసీలు తాడు వదిలారు. తాడు కదలలేదు. నలుగురు కలిసి గుంజారు. పైన కప్పీలో తాడు ఇరుక్కుపోయింది. ఎండలో కర్రలా బిగుసుకున్న గంజి వానకు ఉబ్బి, బంకగా మారి, తాడును కప్పీకి అంటించేసింది. తెరచాప నిండా గాలి. పడవ ఒకవైపుకు ఒరిగి, ఎవరు చెప్పినా వినకుండా నది నోటి వైపు పరుగెత్తింది. ఖలాసీలు తెరను చేతులతో పట్టి లాగబోతే చేతులు జారిపోయాయి, జిగురు. పైకెక్కి తాడు కోసి రాగలవాడు ఒకడే ఉండేవాడు, వాణ్ణి పొద్దునే దుప్పట్లో చుట్టి జార్చారు.

మా మామ ఆ తాడు పట్టుకున్నాడు. పట్టుకుని, అరచేయి తెరిచి చూసుకున్నాడు, దానికంటిన తెల్లటి బంకను. నాఖుదా అది చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రవ్‌జీయే కత్తి తీసి ఆయన కట్లు కోశాడు. ముసలివాడు చుక్కాని దగ్గరికి పరుగెత్తాడు, పక్కకు తిప్పడానికి ఒళ్ళంతా వేసి లాగాడు. అప్పటికే ఆలస్యమైంది. పడవ అడుగు ఇసుకలో దిగిన చప్పుడు ఇప్పటికీ నాకు వినపడుతుంది, కొత్త బట్టను నిలువునా చింపినట్టు. స్తంభం విరిగి, ఆ గట్టి తెరచాపతో సహా పక్కకు కూలింది. తర్వాత అల మీద అల, మా తలల మీదుగా. తాడిచెట్టంత అలలు అని నేను ఎప్పుడూ చెబుతాను. తాడిచెట్టంత ఉండవు. కానీ భార్యను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఒక చెక్కను పట్టుకున్నవాడికి ప్రతి ఒక్క అల తాడిచెట్టే.

ఎంతసేపో తెలియదు. వాన ఆగింది. అల కూడా ఆగింది. కళ్ళు తుడుచుకుని చూస్తే సముద్రం లేదు.

ఇక్కడే పోరగాళ్ళు నవ్వుతారు. నవ్వనీయండి. ఆ సముద్రం అంతే, రోజూ లేచి వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తుంది. వెళ్ళినప్పుడు కోసుల దూరం వెళుతుంది. మా పడవ నల్ల బురదలో ఒక పక్కకు ఒరిగి, చచ్చిన దున్నపోతులా పడి ఉంది. ఒడ్డుదాకా నీళ్ళు లేవు, బురదే.

"నడవండి," అన్నాడు నాఖుదా. "నీళ్ళు తిరిగి వచ్చేలోపల ఒడ్డు చేరాలి."

దుప్పటిని ఒక తెడ్డుకు జోలెలా కట్టి, లింగవ్వను అందులో పడుకోబెట్టాం. ముందు నేను, వెనక మా మామ. ఖలాసీలు, మా వాళ్ళు పడుతూ లేస్తూ ముందే నడిచిపోయారు. ఇక ఎవరూ ఎవరినీ దింపేది లేదు, ఎక్కించేది లేదు. తిరిగి చూస్తే నాఖుదా కదలలేదు. రవ్‌జీ పడవ నీడలో పడుకుని ఉన్నాడు. ఒళ్ళు తెలియడం లేదు. ముసలివాడు అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు గూడ రా సేఠ్," అన్నాన్నేను.

"నీ మనిషి తేలిక, నువ్వు మోయగలవు," అన్నాడు. "నా మనిషి బరువు. నేను మోయలేను. పో."

మోకాలి దాకా దిగబడుతూ నడిచాం. లింగవ్వ జోలెలోంచి, "అయ్యా, మనం యాడున్నం?" అంది. "సముద్రం అడుగున" అన్నాను. "అయితే చేపలేవి?" అంది. సగం దారిలో వెనక నీళ్ళ చప్పుడు వినపడింది. మా మామ, "ఎనుకకు చూడకు రాములూ" అన్నాడు. చూశాను. పడవ ఉన్నచోట అప్పటికే నీళ్ళు మెరుస్తున్నాయి.

ఒడ్డున డుమస్ ఊరివాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. చెడ్డవాళ్ళు కారు. ఆ వారంలో వాళ్ళ ఊళ్ళో ఎన్ని పాడెలు లేచాయో వాళ్ళ మొహాల మీదే ఉంది. వలలు ఆరబెట్టుకునే పాక ఒకటి, నీళ్ళకు దగ్గరగా, మాకు వదిలేశారు. ఇసుకలో కర్రలు పాతి, తాడు కట్టి, ఇది దాటవద్దన్నారు. తాడు దగ్గర కుండలో నీళ్ళు, రొట్టెలు పెట్టి, వెనక్కి నడిచి, మేము తీసుకున్నాకే తిరిగి వెళ్ళారు. సూరత్‌లో ఫలానా రాజమ్మకు కబురు చెప్పమని మొక్కుకుంటే, చెబుతామన్నారు. చెప్పారు కూడా.

మర్నాడు మధ్యాహ్నం రాజమ్మ వచ్చింది. ఎడ్లబండి దిగి, చీర ఎత్తి పట్టుకుని, ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చింది. తాడు దగ్గర కర్రలవాళ్ళు ఆపారు. ఆమె ఇద్దరిని తోసేసింది, నలుగురు పట్టుకున్నారు. చివరికి తాడు పట్టుకుని నిలబడింది. మా పాకకూ ఆ తాడుకూ మధ్య ఒక చిన్న వీధంత దూరం.

"అక్క వచ్చింది," అన్నాను. లింగవ్వను లేపి నా ఛాతీకి ఆనించి కూర్చోబెట్టాను. ఆమెకు అక్కడ ఒక పచ్చరంగు చీర మాత్రం కనపడి ఉంటుంది.

రాజమ్మ ఏదో అరుస్తోంది. నోరు కదలడం కనపడుతోంది, మాట రావడం లేదు. గాలి సముద్రం మీదినుంచి ఒడ్డుకు కొడుతోంది. మా మాట అటు పోతుంది, ఆమె మాట ఇటు రాదు. లింగవ్వకు అరిచే ఊపిరి లేదు.

"చెప్పయ్యా," అంది నా చెవిలో. "నేను మంచిగున్న అని చెప్పు."

"వదినా! మంచిగున్నదట!" అని అరిచాను. రాజమ్మ తల ఊపింది, కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్ళీ ఏదో అంది.

"ఏమంటున్నది?"

"బక్కగైనవ్ అంటున్నది."

"అక్క గట్లనే అంటది. ఇంకా?"

"వంకాయ కూర వండిందట నీ కోసం."

"అక్క వంకాయ ముట్టదు కద."

"ఇయ్యాల ముట్టిందట."

లింగవ్వ పెదవులు కదిలాయి. నవ్వే. దగ్గు రాలేదు. "ఇంటికి ఎప్పుడు తోలుకపోతదో అడుగు."

"వదినా! ఇంటికి ఎప్పుడు తోలుకపోతవని అడుగుతున్నది!"

రాజమ్మ రెండు చేతులూ చాపింది. మాట్లాడడం మొదలుపెట్టింది. అది చిన్న జవాబు కాదు. బండిని చూపించింది, కర్రలవాళ్ళను చూపించింది, నది వైపు, ఊరి వైపు చూపించింది, గుండె మీద చేయి పెట్టుకుంది. ఒక్క ముక్క నా దాకా రాలేదు.

"ఏమంటున్నదయ్యా?"

"రేపు పొద్దుగాల అంటున్నది. బండి తెచ్చిందట. బండిల గడ్డి పరిచి, గడ్డి మీద బొంత పరిచిందట. కుదుపు తెలువదంటున్నది. ఎడ్లు రెండూ తెల్లయే. నదిగట్టు పొంటి పోతే చెట్ల నీడ ఉంటదట. మీ బావ వాకిట్ల మంచం ఏసి పెట్టిండట..."

ఎడ్లకు గంటలు కూడా కట్టాను. మంచానికి కొత్త నవారు అల్లాను. ఇంకా ఏదో కలపబోతూ, లింగవ్వ చాలాసేపటినుంచి "ఇంకా?" అని అడగడం లేదని గమనించాను. నా ఛాతీ మీద ఆమె తల మొదటిసారి చల్లగా తగిలింది.

తాడు దగ్గర రాజమ్మ ఇంకా చెబుతూనే ఉంది. చెప్పి చెప్పి ఆగి, చేయి ఎత్తి, చెల్లెలు ఏమంటోందని సైగ చేసింది. గాలి నా వైపే ఉంది. నేను ఏ మాట అన్నా ఆమెకు వినపడుతుంది.

నోరు తెరిచాను. మా మామ నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. బిడ్డ మొహం మీద చేయి వేసి, కళ్ళు మూశాడు. ఆ చేయి తీసి నా భుజం మీద వేశాడు.

"జర ఆగు రాములూ," అన్నాడు. "పెద్దదాన్ని ఇంకింత సేపు మాట్లాడనీ."